గుండమ్మ పేరు: చలనచిత్రం నుండి దైనిక ధారావాహిక దాకా

1962 జూన్ 7న విడుదలైన విజయా సంస్థ వారి 'గుండమ్మ కథ'ను గూర్చి తెలుగులో చాలా వ్రాతలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం నటీనటుల జ్ఞాపకాలు, పాటల ప్రశంసలు, నూరు రోజుల లెక్కలు. కన్నడ మూలంతో పోల్చి చూసిన విమర్శ కూడా ప్రధానంగా కథను పోల్చింది: ఏ సన్నివేశం మిగిలింది, ఏది పోయింది, ఏది కొత్తగా చేరింది. అనుసరణ అధ్యయనంలో ఇది అలవాటైన దారి. అయితే ఈ చిత్రం విషయంలో ఆ దారి ఒక చోట ఆగిపోతుంది. 2018లో జీ తెలుగు ఛానలులో 'గుండమ్మ కథ' అనే పేరుతోనే ఒక దైనిక ధారావాహిక మొదలైంది. అందులో చలనచిత్ర కథ లేదు. సవతి తల్లి లేదు, మారువేషం వేసిన అన్నదమ్ములు లేరు, ఘంటయ్య లేడు. కథను మాత్రమే కొలబద్దగా పెట్టుకుంటే దీనిని అనుసరణ అనడానికి వీలులేదు. కాని ప్రేక్షకుడికి ఆ శీర్షిక వినగానే ముందు గుర్తుకు వచ్చేది సూర్యకాంతమే అన్న సంగతి ధారావాహిక నిర్మాతలకు తెలుసు. ఆ ఎరుకపైనే శీర్షిక నిలబడింది. అంటే ఇక్కడ ప్రయాణం చేసింది కథ కాదు, పేరు. ఆ పేరు దారిలో తన అర్థాన్ని ఎలా మార్చుకుందో, ఆ మార్పులో ఏది కనబడకుండా పోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కన్నడం నుండి వచ్చిన పేరు

'గుండమ్మ కథ'కు మూలం 1958లో బి. విఠలాచార్య దర్శకత్వంలో వచ్చిన కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు'. ఇల్లు నింపిన ఆడపిల్ల అని ఆ శీర్షికకు అర్థం. విఠలాచార్య పేరు తెలుగువారికి తరువాతి కాలంలో జానపద చిత్రాల ద్వారా పరిచయమైంది కనుక, ఒక ఇంటింటి కథకు మూలపురుషుడుగా ఆయనను ఊహించుకోవడం కొంచెం కష్టమే. ఆ చిత్రం హక్కులను బి. నాగిరెడ్డి తీసుకున్నారు. డి. వి. నరసరాజు మొదట రచన చేశారు. తరువాత చక్రపాణి చేయి చేసుకుని కథను చాలావరకు తిరగరాశారు. మూలంలో గుండమ్మకు నోరులేని భర్త ఉన్నాడు. చక్రపాణి ఆ పాత్రను తొలగించి ఆమెను విధవరాలిని చేశారు. ఇన్ని మార్పులు చేసిన వారు గుండమ్మ అనే కన్నడ పేరును మాత్రం అలాగే ఉంచారు.

కన్నడ దేశంలో గుండప్ప, గుండణ్ణ, గుండూరావు, గుండమ్మ సాధారణమైన పేర్లు. ప్రసిద్ధ కవి డి. వి. గుండప్ప, ముఖ్యమంత్రిగా పనిచేసిన ఆర్. గుండూరావు అందరికీ తెలిసినవారే. తెలుగులో ఈ పేరు బొత్తిగా లేదని చెప్పడానికి వీలులేదు. పాల్కురికి సోమనాథుని 'బసవపురాణం'లో కుమ్మరి గుండయ్య ఉన్నాడు. కాకతీయుల పూర్వీకులలో గుండన ఉన్నాడు. వీరశైవం వ్యాపించిన మేరా, కన్నడ సరిహద్దు జిల్లాలలోనూ ఈ పేరు వినబడుతుంది. కాని కృష్ణకు దక్షిణాన గుంటూరు, ఒంగోలు ప్రాంతాలలో ఆడపిల్లకు గుండమ్మ అని పేరు పెట్టడం వాడుకలో లేదు. అక్కడివారికి ఆ ధ్వనికి అతి దగ్గరగా వచ్చే మాట గుండ్లకమ్మ. అది ఏటి పేరు. ఈ సామీప్యం యాదృచ్ఛికమే అయినా ఒక ఉపయోగం ఉంది. గుండు అంటే ఆ మెట్ట సీమల్లో మొదట రాయి. తరువాతే తుపాకి గుండు, నున్నటి తల, గుండ్రని ఆకారం.

1962 నాటి తెలుగు ప్రేక్షకుడికి గుండమ్మ అన్నది అర్థం తోచీ తోచని పేరు. సుబ్బమ్మ, వెంకమ్మ, శేషమ్మ అని ఉంటే ఆ పాత్ర ఏదో ఒక కులానికో ఊరికో చెందినట్టు కనబడేది. గుండమ్మ ఎక్కడి మనిషో పేరును బట్టి తెలియదు. అందువల్ల సూర్యకాంతం నటన ఆ పేరును పూర్తిగా ఆక్రమించుకోగలిగింది. ఆ తరువాత తెలుగులో గుండమ్మ అంటే ఒక స్వభావం: గట్టి నోరు, పిసినారితనం, తన పిల్లలపై గుడ్డి మమకారం, లోపల మోసపోయే అమాయకత్వం. ఈ అర్థంలో ఎక్కడా శరీరం లేదు. సూర్యకాంతం నిండైన మనిషే. కాని చిత్రంలోని హాస్యం ఆమె ఆకారం మీద ఆధారపడదు. ఆమె చేతులు, కళ్లు, స్వరంలోని విరుపు, మాటకు మాట తగిలించే వేగం ఆ పని చేస్తాయి.

శీర్షికలను పక్కపక్కన పెట్టి చూస్తే మరొక విషయం తేలుతుంది. కన్నడ శీర్షిక మంచి పిల్లను చూపిస్తుంది. ఇదే కథను విజయా వారు 1962లోనే తమిళంలో, చక్రపాణి దర్శకత్వంలో 'మనిదన్ మారవిల్లై'గా తీశారు. మనిషి మారలేదు అని దాని అర్థం, అది నీతిని చూపిస్తుంది. గయ్యాళిని శీర్షికలో కూర్చోబెట్టినది తెలుగు ఒక్కటే. అందులోనూ కథ అనే తటస్థమైన మాట తప్ప విశేషణం లేదు. ఎన్‌.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, ఎస్‌.వి. రంగారావు, సావిత్రి, జమున ఉన్న చిత్రానికి సహాయ నటి పాత్ర పేరు పెట్టడం ఆనాటి వ్యాపార దృష్టికి సాహసమే. ఆ సాహసం లేకపోతే అర్ధశతాబ్దం తరువాత అరువు తెచ్చుకోవడానికి ఒక పేరు మిగిలేది కాదు.

గుంటూరు సీమ చేయి

చిత్రం కథ జరిగే ఊరు ఏదో చిత్రం పట్టుబట్టి చెప్పదు. మద్రాసు స్టూడియోలో కట్టిన ఇళ్లు, మార్కస్ బార్ట్లే వెలుగునీడలు, మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కళ. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు బందరు వారు. ఆయన ప్రతిష్ఠ తరువాత 'నర్తనశాల' వంటి పౌరాణికాల మీద నిలిచింది. అయినా ఈ చిత్రానికి మాట ఇచ్చినవారు గుంటూరు జిల్లా వారు. చక్రపాణిగా ప్రసిద్ధుడైన ఆలూరి వెంకటసుబ్బారావు తెనాలి ఐతానగరం వారు. నరసరాజు సత్తెనపల్లి తాలూకాలో పుట్టారు. సావిత్రిది చిర్రావూరు. హంపీలో పుట్టిన జమున దుగ్గిరాలలో పెరిగారు. రామారావు కృష్ణా జిల్లా నిమ్మకూరు వారైనా, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ప్రత్తిపాడులో కొద్ది వారాలు సబ్‌ రిజిస్ట్రారుగా పనిచేశారు. పత్తి, మిరప పండే ఊళ్ల దస్తావేజుల మీద సంతకాలు చేసిన మనిషి వెండితెర మీద జీతగాడుగా రుబ్బురోలు ముందు కూర్చోవడం ఒక చిన్న చమత్కారం.

చక్రపాణి చేతి విశేషం ఆయన అనువాదాల నుండి వచ్చింది. మదనపల్లె క్షయ చికిత్సాలయంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని శరత్ 'దేవదాసు'ను తెలుగులోకి తెచ్చినవాడు ఆయన. 1947లో నాగిరెడ్డితో కలిసి 'చందమామ'ను ప్రారంభించినవాడూ ఆయనే. కుటుంబం లోపలి అన్యాయాన్ని శరత్ వలె దగ్గరగా చూడడం, దానిని 'చందమామ' వలె పిల్లవాడికి కూడా అర్థమయ్యేంత తేటగా చెప్పడం, ఈ రెండూ 'గుండమ్మ కథ'లో కలిశాయి. నరసరాజు నాటకరంగం నుండి వచ్చినవాడు. 'నాటకం', 'ఈ ఇల్లు అమ్మబడును' వంటి రచనలలో కనిపించే పొదుపు ఈ చిత్ర సంభాషణలలోనూ ఉంది. అది డెల్టాకూ మెట్టకూ నడుమ, చదువుకున్న రైతు ఇళ్లలో మాట్లాడే వ్యావహారికం. కృష్ణా గుంటూరుల ఈ మాట సినిమాకు ప్రామాణిక భాషగా స్థిరపడడంలో విజయా చిత్రాల పాత్ర ప్రత్యేకంగా పరిశోధించదగినది.

ఈ సీమకు, చిత్రానికి అసలు సంబంధం భాషతో ముగియదు. అది పనికి సంబంధించినది. మిరప, పత్తి మెట్ట సాగు చేతిపనిని విపరీతంగా కోరుతుంది. కోత, కళ్లంలో ఎండబోత, తాలు కాయలు ఏరడం, తొడిమలు తీయడం, పత్తి తీత, వీటిలో చాలా భాగం ఆడవారి పని. ఏడాది జీతానికి కుదిరే పాలేరు, రోజు కూలికి వచ్చే ఆడమనిషి, జీతం లేకుండా చేసే ఇంటిమనిషి అని అక్కడ పనివారిలో తెగలు ఉండేవి. వీరిలో మూడవ మనిషిని ఎవరూ లెక్కలో వేయరు. 'గుండమ్మ కథ'లో లక్ష్మి ఈ మూడవ మనిషి. ఇంటి యజమాని కూతురై ఉండి, సవతి తల్లి ఇంట వంట, అంట్లు, రుబ్బు అన్నీ చేస్తుంది. అంజి జీతగాడుగా వచ్చి ఆ పనిలో సగం పంచుకోవడమే వారి ప్రేమకు మొదలు. రుబ్బురోలు దగ్గరి పాట అంత ప్రసిద్ధం కావడానికి కారణం ఘంటసాల బాణీ, పింగళి సాహిత్యం మాత్రమే కాదు. ఒక మగవాడు ఆడదాని పనిముట్టు పట్టుకుని కూర్చున్న దృశ్యం అది. ఆనాటి ఇళ్లలో అది నవ్వు పుట్టించే విషయం. నవ్వు వెనుక కొంత కోరిక కూడా ఉండి ఉంటుంది.

గుండమ్మ లెక్కలో లక్ష్మిని జీతగాడికి ఇచ్చి పెళ్లి చేస్తే రెండు జతల చేతులు ఇంట్లోనే ఉంటాయి. పెళ్లి అయిన మరుక్షణం అంజి జీతగాడి హోదా వదిలి అల్లుడి హోదా అడగడం చిత్రంలోని గొప్ప హాస్య ఘట్టం. అతడు అడిగినది కొత్త హక్కు కాదు. ఒకే మనిషికి ఒక పేరు పెడితే జీతగాడు, మరొక పేరు పెడితే ఇంటి అల్లుడు అన్న సంగతిని గుండమ్మ చేతనే ఒప్పించాడు.

చక్రపాణి భర్త పాత్రను తీసివేయడం ఇక్కడ ఫలించింది. నోరులేని భర్త ఉన్న గుండమ్మ ఒట్టి గయ్యాళి. భర్త లేని గుండమ్మ ఆస్తికి, పిల్లలకు, ఇంటికి ఒంటరిగా కాపలా ఉన్న మనిషి. 1956 హిందూ వారసత్వ చట్టం భార్యకు, కుమారులకు, కుమార్తెలకు వీలునామా లేని స్వార్జితంలో సమాన వాటా ఇచ్చి అప్పటికి ఆరేళ్లే అయింది. చిత్రం ఈ చట్టాన్ని తన విషయంగా చేసుకోలేదు. అయినా సవతి కూతురును పనిమనిషిగా నిలిపివేయడంలో ఆమె వాటాను మరపించే తెలివి కూడా ఉందని ఆ తరం రైతు ఇళ్ల ప్రేక్షకులకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. గుండమ్మ దుర్మార్గం ఆమె స్వభావంలో కంటె ఆమె భయంలో ఉంది. అందుకే చివరి భాగంలో ఛాయాదేవి పోషించిన దుర్గమ్మ ఆ ఇంట దిగి, గుండమ్మనే పనిమనిషి స్థితికి నెట్టినప్పుడు ప్రేక్షకుడి సానుభూతి ఇట్టే మారిపోతుంది. లక్ష్మి పడిన కష్టం గుండమ్మకు తెలిసిరావడానికి చిత్రం ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ పనిని ఆమె చేతికి ఇచ్చింది.

ఇంత చెప్పిన తరువాత చిత్రంలోని చీకటి కోణాన్ని దాటవేయడం న్యాయం కాదు. సరోజ కథ గర్విష్ఠి భార్యను భర్త లొంగదీసుకునే పాత కథే. షేక్‌స్పియర్ 'గయ్యాళి లొంగుబాటు' నాటకంతో దానిని పోల్చే విమర్శకులు ఉన్నారు, ఆ పోలిక నిలుస్తుంది. రాజా తాగుబోతుగా నటించి, పేదరికం నటించి, సరోజ చేత ఒళ్లు వంచి పని చేయిస్తాడు. లక్ష్మి విషయంలో అన్యాయంగా కనిపించిన చాకిరీ సరోజ విషయంలో చికిత్స అవుతుంది. చిత్రానికి పని పట్ల గౌరవం ఉన్నమాట నిజం. ఆ గౌరవ పాఠం ఆడవారికి మాత్రమే శిక్షగా అందుతుంది, మగవారికి వేషంగా అందుతుంది. అంజి ఎప్పుడు కావాలంటే అప్పుడు జీతగాడు కావడం మానగలడు. లక్ష్మికి ఆ వీలు లేదు. ఇంకా ముఖ్యంగా లక్ష్మికి తన మాట అంటూ లేదు. ఆమె సహనం మీద కథ అంతా నడుస్తుంది, కాని కథ ఆమెది కాదు. శీర్షిక ఈ విషయంలో నిజాయితీగా ఉంది.

పేరు బుల్లితెర మీద

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఈ మధ్యకాలంలో 'గుండమ్మ కథ' బుల్లితెర మీద రెండు విధాలుగా బతికింది. మొదటిది పూర్తి చిత్రంగా, మళ్లీ మళ్లీ. రెండవది ముక్కలుగా: పాటల కార్యక్రమాలలో పాటగా, హాస్య సన్నివేశాల కూర్పులలో సూర్యకాంతం, రమణారెడ్డి ఘట్టాలుగా. రెండవ పద్ధతి మొదటిదానికంటె బలమైనది. రెండు గంటల నలభై నిమిషాలకు పైగా నడిచే చిత్రంలో గుండమ్మ భయం క్రమంగా అర్థమవుతుంది. మూడు నిమిషాల ముక్కలో నోరు మాత్రమే మిగులుతుంది. ముక్కలు చూసి పెరిగిన తరానికి గుండమ్మ ఒట్టి గయ్యాళి కావడంలో ఆశ్చర్యం లేదు. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' వంటి కార్యక్రమాలలో ఈ గయ్యాళి చీర కట్టిన మగవాడిగా కూడా మారింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలను ఎంత గౌరవంతో ధరించారో ఎరిగిన సీమకు ఇది వింతగా తోచవచ్చు. అక్కడ మగవాడు తాను మగవాడన్న సంగతిని మరపించడం కళ, ఇక్కడ దానిని గుర్తు చేస్తూ ఉండడమే హాస్యం.

2018 నాటి ధారావాహిక ఈ నేపథ్యంలో వచ్చింది. దానికి ఆధారం 2017లో జీ కన్నడలో మొదలైన 'బ్రహ్మగంటు'. అంతకు ముందు 2016లో హిందీలో వచ్చిన 'బఢో బహూ'లోనూ ఇటువంటి నాయికే ఉంది: లావుగా ఉన్న ఆడపిల్ల, ఆమె ఆకారాన్ని అంగీకరించలేని అత్తిల్లు. కన్నడ ధారావాహికలో నాయిక పేరు గీత. ప్రేక్షకులు ఆమెను ఎక్కువగా గుండమ్మ అనే పిలిచారు. అంటే తెలుగులోకి గుండమ్మ కన్నడం నుండి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 1958 చిత్రం నుండి ఒక స్త్రీ సొంత పేరుగా. రెండవసారి 2017 ధారావాహిక నుండి ఒక స్త్రీ ఆకారానికి పెట్టిన ఎగతాళి పేరుగా. రెండవ గుండమ్మ తెలుగు గడప తొక్కేసరికి మొదటి గుండమ్మ అక్కడే కూర్చుని ఉంది. శీర్షికకు అంతకంటె సులువైన అవకాశం ఎవరికి దొరుకుతుంది? కథ ఒక చోటి నుండి, కీర్తి మరొక చోటి నుండి తెచ్చి ఒకే పేరు కింద కట్టారు.

ఇక్కడ భాషాపరంగా జరిగిన మార్పు సూక్ష్మమైనది. 1962లో గుండు అనే ధాతువు నిద్రాణంగా ఉంది. ఎవరూ దానిని వినలేదు. 2018లో అది మేల్కొంది. గుండమ్మ అంటే గుండ్రంగా ఉన్న అమ్మాయి. కొత్త అర్థం వెనక్కి కూడా ప్రయాణం చేస్తుంది. ధారావాహికను ముందు చూసి చిత్రాన్ని తరువాత చూసిన ప్రేక్షకుడు సూర్యకాంతం లావుగా ఉండడం వల్లనే ఆ పాత్రకు ఆ పేరు పెట్టారని అనుకోవడానికి అవకాశం ఉంది. సాహిత్య చరిత్రలో లోకవ్యుత్పత్తి అనబడేది ఈ విధంగానే పుడుతుంది.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. 2017లో స్టార్ మా ఛానలులో మొదలై విశేష ఆదరణ పొందిన 'కార్తీకదీపం' శీర్షిక 1979 నాటి తెలుగు చిత్రానిది. కథ మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు'ది. అక్కడ నాయిక నల్లనిది. రెండు చోట్లా ఒకే పద్ధతి: తెలుగువారి జ్ఞాపకంలో ఉన్న చిత్రం పేరు, పొరుగు భాష నుండి వచ్చిన కథ, నాయిక శరీరంలో లోకం తప్పుగా ఎంచే ఒక లక్షణం. పాత కుటుంబ చిత్రం అన్యాయాన్ని పనిలో, ఆస్తిలో, సవతి సంబంధంలో చూసింది. కొత్త ధారావాహిక దానిని రంగులో, లావులో చూస్తున్నది. ధారావాహిక ఇళ్లలో పని చేస్తూ కనిపించే ఆడవారు తక్కువ. పట్టుచీరలతో పెద్ద హాలులో నిలబడి మాట్లాడుకుంటారు. అంట్లు ఎవరు తోముతారో తెలియదు. రుబ్బురోలు స్థానంలో గ్రైండరు వచ్చింది కనుక పని మాయమైందని అనుకోవడానికి లేదు. గుంటూరు మిరప కళ్లాలలో తొడిమలు తీసే చేతులు, ప్రకాశం చేలలో పత్తి తీసే చేతులు ఈనాటికీ ఆడవారివే. సాయంత్రం ఆ ధారావాహికలను చూసే కళ్లలో వారివీ ఉన్నాయి.

అయినా బుల్లితెర రూపాన్ని పతనంగా తీర్మానించడం తొందరపాటు. చిత్రం చేయలేని పని ఒకటి ధారావాహిక చేసింది. చిత్రంలో బాధపడే స్త్రీ వేరు, పేరున్న స్త్రీ వేరు. లక్ష్మి బాధపడుతుంది, గుండమ్మ పేరు తెచ్చుకుంటుంది. ధారావాహికలో ఈ రెండూ ఒకరిలోనే కలిశాయి. ఎగతాళిగా వచ్చిన పేరును మోస్తూ గీత ప్రతి సాయంత్రం కథకు నడుమ నిలబడింది. లావైన స్త్రీ తెలుగు తెర మీద హాస్యానికి సామగ్రిగానే తప్ప నాయికగా కనిపించిన సందర్భాలు ఎన్ని? ఆ లెక్క వేసుకుంటే దీనిని కొట్టివేయడం కుదరదు. చిత్రం ఆడవారికి నేర్పిన లొంగుబాటు పాఠం కూడా ఇందులో ప్రధానం కాదు. మారవలసినవారు ఆమె చుట్టూ ఉన్నవారు. దైనిక ధారావాహిక స్వభావం వల్ల ఆ మార్పు ఎంతకూ పూర్తి కాదు, పూర్తయితే కథ ఆగిపోతుంది. అది ఆ ప్రక్రియ లక్షణం. చక్రపాణి దుర్గమ్మను దించి ఒక్క దెబ్బతో సాధించినదాన్ని ధారావాహిక కన్నీటితో రోజూ వాయిదా వేస్తుంది.

చిత్రాన్నే మళ్లీ తీయాలనే ఆలోచన కూడా తెలుగు పరిశ్రమలో పలుమార్లు తలెత్తింది. నందమూరి, అక్కినేని కుటుంబాలలో తరువాతి తరాల నటుల పేర్లు వినవచ్చాయి. అన్నదమ్ములకు నటులు ఉన్నారు, గుండమ్మకు లేరన్న మాట ఆ సందర్భాలలో తరచుగా వచ్చింది. 1994 డిసెంబరు 18న సూర్యకాంతం మరణించిన తరువాత పాత్ర, నటి విడదీయరానివయ్యాయి. ఆమె నటన వల్ల తెలుగువారు ఆడపిల్లలకు సూర్యకాంతం అనే పేరు పెట్టడం మానుకున్నారని లోకంలో ఒక మాట ఉంది. తెర మీది గయ్యాళి పేరు అరువు పేరు, తెర వెలుపలి మనిషి పేరు నిందను మోసింది.

'గుండమ్మ కథ' ధారావాహిక ఇంకా నడుస్తుండగానే, 2019లో, జీ తెలుగు మరొక దైనిక ధారావాహికను ప్రారంభించింది. దాని నాయిక చురుకైన పడుచు పిల్ల, గయ్యాళి కాదు. ధారావాహిక పేరు 'సూర్యకాంతం'.